ఇన్సులేషన్‌ని తొక్కేసి పలకలు పరచొద్దు

ఇంగ్లండ్‌లో మనవాళ్లు ఇల్లు కొన్నాక, తాళాలు చేతికొచ్చిన కొద్ది రోజుల్లోనే లాఫ్ట్ బోర్డింగ్ మాట, అంటే సీలింగుకీ పైకప్పుకీ మధ్య ఉన్న చోటులో చెక్క పలకలు పరిపించే మాట వస్తుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్ద సూట్‌కేసులు, పిల్లల కార్ సీటు వచ్చిన అట్టపెట్టె, ఏడాదికోసారి తీసే బొమ్మల కొలువు సామాను, అమ్మానాన్నలు వచ్చినప్పుడు పరిచే పరుపులు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట సర్దాలి. గదులు చిన్నవి. తలెత్తి చూస్తే ఇంటి వైశాల్యమంత చోటు పైన ఖాళీగా ఉంది. పనివాడిని పిలిస్తే ఒక్క రోజు పనేనంటాడు, పలకలు కొట్టి, మడత నిచ్చెన, లైటు పెట్టి వెళ్లిపోతాడు. ఆ పలకల కింద ఉన్నదాన్ని ఏం చేశావని అతన్ని ఎవరూ అడగరు. అడిగి తీరాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మనకి అటక అంటే ఇంటి లోపలి చోటు. వంటింట్లో గోడకి పైన, చెయ్యెత్తితే అందేంత ఎత్తులో ఉంటుంది. ఇంట్లో ఎంత వేడో అటక మీదా అంతే వేడి. ఇక్కడి లాఫ్ట్ సంగతి వేరు. మామూలు బ్రిటిష్ ఇంట్లో లాఫ్ట్ ఇంటికి బయట ఉన్నట్టు లెక్క. ఇల్లు సీలింగుతోనే ఆగిపోతుంది. సీలింగు మీద పరిచిన ఇన్సులేషన్, అంటే ఇంటి వేడి పైకి పోకుండా ఆపే పొర, దాటాక ఉన్నదంతా చలిలోనే ఉండాలి, గాలి ఆడుతూనే ఉండాలి. పెంకులు వాన ఆపుతాయి, అంతవరకే వాటి పని. చూరు పొడవునా వదిలిన సందుల్లోంచి గాలి ఒకవైపు వచ్చి రెండోవైపు పోతుంది. ఆ ఏర్పాటు కావాలని చేసినదే. మనం అటకలా వాడుకోబోతున్నది ఇలాంటి చోటని ముందు మనసుకెక్కాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీన్నుంచే వస్తాయి.

ఇప్పుడు ఇక్కడ సిఫారసు చేసే ఇన్సులేషన్ మందం 270 మి.మీ. గాజు పోగులతో దూదిలా చేసిన గ్లాస్ ఊల్ అయితే సాధారణంగా రెండు వరసలు పరుస్తారు. సీలింగుని మోసే కర్ర దూలాలైన జాయిస్టుల మధ్య 100 మి.మీ., వాటికి అడ్డంగా పైన ఇంకో 170 మి.మీ. ఈ మందం ఒక్కసారిగా వచ్చింది కాదు. 1960ల్లో కట్టిన ఇళ్లలో అంగుళం మందం ఉంటే గొప్ప. 1970ల్లో చమురు ధరలు పెరిగాక 1978లో ఇన్సులేషన్‌కి గ్రాంట్లిచ్చే చట్టం చేశారు, 1980ల్లో కొత్త ఇళ్లకి 100 మి.మీ. మామూలైంది, ఆ తర్వాత 150, 250, 270 అని పెరుగుతూ వచ్చింది. మా ఇల్లు 1980ల నాటిది కాబట్టి జాయిస్టుల ఎత్తుకి సరిగ్గా సరిపోయే పాత వరస, దాని మీద ఎప్పుడో ఎవరో పరిచిన కొత్త వరస రెండూ కనిపిస్తాయి. పాతది మట్టిరంగుకి తిరిగింది, కొత్తది ఇంకా పచ్చగానే ఉంది.

చిక్కంతా ఈ ఎత్తుల్లోనే ఉంది. జాయిస్టు ఎత్తు 100 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ. ఇన్సులేషన్ 270. పలకలు నేరుగా జాయిస్టుల మీద కొట్టాలంటే పైనున్న 170 మి.మీ.ని తీసి పారేయాలి, లేకపోతే నొక్కేయాలి. చాలామంది పనివాళ్లు నొక్కేస్తారు. "అంతా లోపలే ఉందిగా, ఎక్కడికీ పోలేదు" అంటారు. పదార్థం ఎక్కడికీ పోని మాట నిజమే. పోయింది దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి. చలి ఆపేది ఆ కదలని గాలే. ఏళ్ల తరబడి పడుకుని అట్టలా అణిగిపోయిన బొంతలో దూది మొత్తం అలాగే ఉన్నా వెచ్చదనం ఉండదు, ఇదీ అంతే.

అంకెల్లో చెబుతాను. 270 మి.మీ. గ్లాస్ ఊల్ సరిగ్గా పరిస్తే లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకి చదరపు మీటరుకి సుమారు 0.16 వాట్ల వేడి పైకి పోతుంది. దాన్నే 100 మి.మీ.కి నొక్కితే 0.4 వాట్ల దగ్గరికి వెళుతుంది, అంటే రెండున్నర రెట్లు. పాతిక చదరపు మీటర్ల లాఫ్ట్ మొత్తం అలా నొక్కి పలకలు కొట్టారనుకుందాం. ఇంట్లో 20 డిగ్రీలు, బయట 2 డిగ్రీలు ఉన్న రాత్రి నూరు వాట్ల పైచిలుకు వేడి అదనంగా పోతూనే ఉంటుంది.

ఏడాది మొత్తం మీద ఇది డబ్బుల్లో ఎంత? దక్షిణ ఇంగ్లండ్ చలికి, గ్యాస్ యూనిట్ ఆరు పెన్సుల చొప్పున నేను లెక్కేస్తే ఇరవై పౌండ్ల చుట్టుపక్కల తేలింది. ఇన్సులేషన్‌ని నొక్కకుండా దాని పైన ఎత్తులో పలకలు వేసే బోర్డింగ్ అమ్మే కంపెనీల్లో కొన్ని "బిల్లు తగ్గిపోతుంది, పెట్టిన డబ్బు తిరిగొచ్చేస్తుంది" అంటాయి. ఆ మాట నమ్మి పని చేయించకండి. మామూలు బోర్డింగ్‌కీ దీనికీ ఉన్న ఖర్చు తేడా ఏడాదికి ఇరవై పౌండ్ల చొప్పున రాబట్టాలంటే చాలా ఏళ్లు పడుతుంది. నేను దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం చెమ్మ.

మన ఇళ్లలో ఆవిరి ఎక్కువ. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చారు మరుగుతుంది. చలికాలం బట్టలు బయట ఆరవు కాబట్టి రేడియేటర్ల మీద, హాల్లో స్టాండ్ మీద ఆరేస్తాం. నలుగురు స్నానాలు చేస్తారు. చలి అని కిటికీ తీయం. ఇరవై డిగ్రీల దగ్గర, అరవై శాతం తేమ ఉన్న గాలి ఒక ఘనపు మీటరులో పది గ్రాముల పైన నీరు పట్టుకుని ఉంటుంది. అదే గాలి 3 డిగ్రీలకి చల్లబడితే ఆరు గ్రాములకి మించి పట్టుకోలేదు. మిగిలిన నీరు ఎక్కడో ఒకచోట దిగాలి. ఇంట్లో వెచ్చటి గాలి పైకే పోతుంది, లాఫ్ట్‌లోకి ఎక్కే సీలింగు తలుపు, అంటే హ్యాచ్ అంచుల్లోంచి, సీలింగు లైట్ల రంధ్రాల్లోంచి, పైపుల పక్క సందుల్లోంచి లాఫ్ట్‌లోకి చేరుతుంది. అక్కడ మొదట తగిలిన చల్లటి వస్తువు మీద నీరై కూర్చుంటుంది.

జనవరిలో తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని లాఫ్ట్‌లోకి తల పెట్టి చూడండి. పెంకుల కింద పరిచిన నల్లటి ఫెల్ట్‌లోంచి బయటికొచ్చిన మేకుల మొనలు కనిపిస్తాయి. వెంటిలేషన్ సరిగ్గా లేని ఇంట్లో ఒక్కో మొనకీ ఒక్కో నీటిబొట్టు వేలాడుతుంటుంది. మరీ చలిగా ఉంటే ఆ బొట్టు గడ్డకట్టి ఉంటుంది, ఎండ తగిలాక కరిగి కింద పడుతుంది. "పైకప్పు కారుతోంది" అని రూఫర్‌ని పిలిచేవాళ్లలో కొందరికి అసలు కారణం ఇదే.

ఇన్సులేషన్ మందం పెంచినకొద్దీ లాఫ్ట్ ఇంకా చల్లబడుతుందన్న సంగతి చాలామంది గమనించరు. కింద వేడి కిందే ఆగిపోతోంది కదా. అంటే పూర్వం పాతిక మి.మీ. రోజుల్లో ఇంటి వేడి కొంత పైకి పోయి ఆ చెమ్మని ఆరబెట్టేది, ఇప్పుడు అదీ లేదు. అందుకే కొత్త మందాలకి గాలి ఆడటం మరీ ముఖ్యం. వాలు 15 డిగ్రీలకి మించిన పైకప్పుకి చూరు పొడవునా కనీసం 10 మి.మీ. సందుకి సమానమైన దారి ఉండాలని నిబంధన. సామాను ఎక్కువ పట్టాలని చూరు దాకా పలకలు కొట్టించి, తీసిన ఇన్సులేషన్ ముక్కలన్నీ ఆ మూలల్లో కుక్కించారంటే గాలి దారి మూసుకున్నట్టే. తెలిసిన వాళ్లింట్లో అలా పరిచిన పలక ఒకటి విప్పి తిరగేస్తే, అడుగు భాగమంతా నల్లటి చుక్కలు. పైన పెట్టిన అట్టపెట్టె అడుగు మెత్తబడి, ఎత్తగానే చేతిలోకి ఊడివచ్చింది. లోపల ఉన్నవి వాళ్లబ్బాయి చిన్నప్పటి స్వెటర్లు. ఆ వాసన ఎన్ని ఉతుకులకీ పోలేదు.

నేను చెప్పేది సామాను పెట్టొద్దని కాదు, నేలని ఎత్తు మీద కట్టించుకోమని. జాయిస్టుల 100 మి.మీ., దాని పైన 170 మి.మీ. ఇన్సులేషన్, దాని పైన 50 మి.మీ. ఖాళీ, ఆ పైన పలక. ఆ 50 మి.మీ. ఖాళీని వృథా అనుకుని వదిలేయకండి. ఇన్సులేషన్‌లోంచి పైకొచ్చిన ఆవిరి పలక అడుగుకి అంటుకోకుండా గాలితో కొట్టుకుపోయే దారి అది. కాబట్టి జాయిస్టు పైభాగం నుంచి పలక దాకా 220 మి.మీ. ఎత్తు కావాలి.

ఈ ఎత్తు తేవడానికి బజారులో మూడు దారులున్నాయి. ఒకటి ప్లాస్టిక్ కాళ్లు. జాయిస్టు మీద మరలు బిగించి, పైన పలక కొట్టేస్తారు. చవక, ఎవరైనా బిగించుకోవచ్చు. ఎక్కువగా దొరికే కాలు ఎత్తు 175 మి.మీ. అంటే 270 మందానికి సరిపోతుంది గాని గాలి ఖాళీకి దాదాపు ఏమీ మిగలదు. ఇంకా పొడుగు కాళ్లు దొరుకుతాయి, కొనేటప్పుడు కొలత అడగండి. నాకు కాళ్ల మీద ఉన్న అసలు అభ్యంతరం అవి పక్కకి ఊగడం. ఒక్కో కాలూ విడిగా నిలబడుతుంది, ఒకదాన్ని ఇంకోదానితో కట్టేది పైనున్న చిప్‌బోర్డ్ (చెక్క పొట్టు అదిమి చేసిన పలక) ఒక్కటే. బరువు పెట్టె పక్కకి లాగినప్పుడు అది కాలి కింద తెలుస్తుంది. రెండోది, స్టాండ్ల మీద లోహపు అడ్డ కమ్మీలు బిగించి వాటి మీద పలకలు పరిచే పద్ధతి. ఖర్చు ఎక్కువ, కాని బరువు ఒక్క జాయిస్టు మీద పడకుండా నాలుగైదింటికి పంచుతుంది, ఊగదు. నా ఓటు దీనికే. మూడోది, మంచి వడ్రంగి దొరికితే జాయిస్టులకి అడ్డంగా కర్ర దిమ్మెలు పరిచి ఎత్తు తెప్పించడం. పాత ఇళ్లలో ఇది చక్కగా కుదురుతుంది, కాకపోతే ఆ కర్ర బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బరువు సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు లాఫ్ట్‌ని గదిలా చూస్తారు. 1960ల నడిమి నుంచి ఇక్కడి ఇళ్ల పైకప్పులు ఎక్కువగా ఫ్యాక్టరీలో చేసి తెచ్చిన ట్రస్‌లు. సన్నటి కర్రలు, కీళ్ల దగ్గర ఇనుప పళ్ల పలకలు, నడుమ డబ్ల్యూ ఆకారంలో అడ్డకర్రలు. వీటి కింది కర్రని సామాను కోసం చదరపు మీటరుకి పాతిక కిలోల బరువుకే డిజైన్ చేస్తారు. పడకగది నేలని నూటయాభై కిలోలకి డిజైన్ చేస్తారు. అంటే ఆరో వంతు. ఆ పాతికలోంచి 18 మి.మీ. చిప్‌బోర్డే దాదాపు పన్నెండు కిలోలు తినేస్తుంది. విమానంలో వచ్చిన 23 కిలోల సూట్‌కేసుని ఖాళీ చేయకుండా పుస్తకాలతో అలాగే పైకి చేర్చారనుకోండి, అది ఆక్రమించే చోటు చదరపు మీటరులో సగం కూడా ఉండదు, బరువు మాత్రం చదరపు మీటరుకి యాభై కిలోలు దాటుతుంది. ఒక్క పెట్టెతో కొంప మునిగిపోదు, బరువు చుట్టుపక్కలకి పంచుకుంటుంది. కాని అలాంటివి పది వరసగా పేర్చి, పాత వెట్ గ్రైండర్ కూడా అక్కడే పెడితే కింది గది సీలింగులో పగుళ్లు వస్తే ఆశ్చర్యం లేదు. ఖాళీ సూట్‌కేసులు ఎన్నైనా పెట్టుకోండి. పుస్తకాలు, గ్రైండర్లు, ఇత్తడి గంగాళాలు కింద ఉండాల్సినవి.

ట్రస్‌లో ఒక్క కర్ర కూడా కోయకూడదు. పెద్ద పెట్టె పట్టడం లేదని నడుమ ఉన్న అడ్డకర్రని కోసేసిన పనివాళ్ల గురించి విన్నాను. ఆ డబ్ల్యూ ఆకారం వల్లే పైకప్పు నిలబడి ఉంది. ఆ కర్రల మీద చెయ్యి వేయాల్సి వస్తే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టాలి.

అందుకే లాఫ్ట్ మొత్తం పరిపించొద్దంటాను. హ్యాచ్ చుట్టూ, నడుమ భాగంలో, ఇంచుమించు రెండు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు చాలు. నిలబడటానికి కాస్త ఎత్తు ఉండేదీ అక్కడే. చూరు దగ్గర వంగి, మోకాళ్ల మీద పాకి పెట్టిన సామానుని మళ్లీ ఎవరూ తీయరు.

కరెంటు తీగల గురించి ఎవరూ చెప్పరు. మన ఇంట్లో ఎలక్ట్రిక్ షవర్ ఉంటే దాని కేబుల్ చాలాసార్లు లాఫ్ట్‌లోంచే వెళుతుంది. 10 చదరపు మి.మీ. మందం ఉన్న మామూలు కేబుల్ గోడకి బిగించి ఉంటే 64 ఆంపియర్లు మోస్తుంది. అదే కేబుల్ సీలింగు మీద 100 మి.మీ. కన్నా మందమైన ఇన్సులేషన్ కింద పడుకుంటే 36కి మించకూడదు, వేడి బయటికి పోయే దారి లేదు కాబట్టి. 9.5 కిలోవాట్ల షవర్ 41 ఆంపియర్లు లాగుతుంది. కేబుల్‌ని ఇన్సులేషన్ పైకి తీసి ఎత్తు కమ్మీ పక్కన బిగిస్తే సరిపోతుంది. తీగ పొడవు చాలకపోయినా, అనుమానం ఉన్నా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పలకలు కొట్టాక ఈ పని చేయించాలంటే అన్నీ విప్పాలి. సీలింగులోకి దిగే లైట్లు ఉంటే వాటి మీద ఇన్సులేషన్ నేరుగా పడకుండా మంటలకి తట్టుకునే మూతలు దొరుకుతాయి, అవీ అప్పుడే పెట్టించాలి.

బాత్రూం ఫ్యాన్ గొట్టం ఎక్కడ ముగుస్తుందో చూడండి. కొన్ని ఇళ్లలో అది లాఫ్ట్‌లోనే నోరు తెరుచుకుని ఉంటుంది, స్నానాల ఆవిరంతా అక్కడే వదులుతుంది. దాన్ని పెంకుల బయటికో చూరు కిందకో తీసుకెళ్లకుండా పలకలు వేయించడం శుద్ధ దండగ. హ్యాచ్ తలుపు వెనక ఇన్సులేషన్ అంటించి, అంచుల చుట్టూ రబ్బరు పట్టీ పెట్టించండి. పాత నీళ్ల ట్యాంకు లాఫ్ట్ నేల దగ్గరే ఉంటే దాని కింద ఇన్సులేషన్ పరచరు. కింది నుంచి కాస్త వేడి తగిలితేనే అది గడ్డకట్టదు. గబ్బిలాల జాడ కనిపిస్తే పని ఆపేయాలి, 1981 చట్టం వాటికి రక్షణ ఇస్తుంది.

కొందరు వేరే దారి అడుగుతారు. పెంకుల కింద వాసాల మధ్యే ఇన్సులేషన్ వేసి లాఫ్ట్‌ని వెచ్చగా చేసుకుంటే ఈ గొడవ ఉండదు కదా అని. గది కట్టుకునేవాళ్లకి అది సరైన దారే, దానికి బిల్డింగ్ కంట్రోల్ అనుమతి, పెద్ద ఖర్చు ఉంటాయి. ఖాళీ సూట్‌కేసులకి వెచ్చటి గది ఎందుకు? ఆ పని చవగ్గా అయిపోతుందని వాసాల మీద నురుగు స్ప్రే చేస్తామని ఇంటి తలుపు తట్టేవాళ్లకి మాత్రం ఎంత మాత్రమూ ఒప్పుకోకండి. నురుగు కింద కర్రకి చెమ్మ పడుతోందో లేదో ఎవరూ చూడలేరు. అందుకే అది కొట్టిన ఇళ్లకి అప్పివ్వడానికి ఇక్కడ చాలా సంస్థలు వెనకాడుతున్నాయి, అమ్ముకునేటప్పుడు దాన్ని గీకి తీయించడానికి కొట్టించినదానికన్నా ఎక్కువ పోసినవాళ్లున్నారు.

ఎత్తు మీద చక్కగా పరిపించాక కూడా ఆ చోటు బయటిదేనని మరిచిపోకూడదు. చలికాలం గడ్డకట్టేంత చలి, జులై ఎండకి పెంకుల కింద నలభై దాటే వేడి. పట్టుచీరలు, ఫొటో ఆల్బమ్‌లు, సర్టిఫికెట్లు పైన పెట్టొద్దు. కొండపల్లి బొమ్మలైతే అసలే వద్దు. తెల్ల పొణికి కర్ర తేలిక, చెమ్మ ఇట్టే పీల్చుకుంటుంది. బొమ్మ భాగాలని అతికించేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు. ఒక మిత్రుల ఇంట్లో రెండు చలికాలాలు లాఫ్ట్‌లో ఉన్న అంబారీ ఏనుగు చెవి దగ్గర అతుకు విచ్చుకుంది, రంగు సన్నటి పొరలుగా లేచింది. వాళ్లమ్మగారు విజయవాడ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన బొమ్మ అది. బొమ్మలకి మెట్ల కింద అలమర చాలు. మెట్ల కింద ఉన్న వాక్యూమ్ క్లీనర్ డబ్బాని పైకి పంపండి.

పని ఒప్పుకునే ముందు పనివాడిని ఈ నాలుగూ అడగండి, సమాధానం కొటేషన్‌లోనే రాసిమ్మనండి. పలక అడుగున ఇన్సులేషన్ ఎన్ని మి.మీ. మిగులుతుంది? దాని పైన ఎంత ఖాళీ? చూరుకి ఎంత దూరంలో పలకలు ఆపేస్తావు? చదరపు మీటరుకి ఎన్ని కిలోలకి బాధ్యత తీసుకుంటావు? పలకలు మూసేముందు ఫొటోలు తీయించుకోండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడో అద్దెకిచ్చేటప్పుడో ఎనర్జీ సర్టిఫికెట్ కోసం వచ్చిన మనిషికి పలకల కింద ఏముందో కనిపించకపోతే, ఇల్లు ఎప్పుడు కట్టారో చూసి దాన్నిబట్టి ఇంత ఉండొచ్చని వేసేస్తాడు. మీరు పెట్టించిన 270 లెక్కలోకి రాదు. టేపు పెట్టి కొలిచిన ఫొటో, కొటేషన్ కాగితం ఇంటి పత్రాలతో పాటు దాచండి. కొత్త ఇల్లైతే బిల్డరు వారంటీలో లాఫ్ట్ గురించి ఏం రాసి ఉందో ముందు చదవండి, లీజ్‌హోల్డ్ (గడువు మేరకే హక్కు ఉండే ఇల్లు) అయితే లాఫ్ట్ అసలు మీ వాటాలో ఉందో లేదో చూసుకోండి.

"నొక్కేస్తే ఏం కాదండీ, అందరూ అలాగే చేస్తారు" అన్నవాడికి టీ ఇచ్చి పంపించేయండి. ఇంకొకరిని పిలవండి.